డోర్కాస్ ఆస్పినాల్ చూడని మూడో అంకం

రాన్స్‌బీలో సముద్రం వైపు వీధుల్లో ఉండే ఆడవాళ్లందరిదీ ఒకటే పని. వేసవిలో స్నానాలకు వచ్చే మిల్లు పనివాళ్లకూ, మిగతా కాలమంతా నాటకాల వాళ్లకూ గదులిచ్చి వండిపెట్టడం. ఆ ఊరి గాలి గురించి ఎంత చెప్పినా తక్కువే. నవంబరులో పాదరీగారు ప్రసంగం మొదలుపెడితే మొదటి సగం రాన్స్‌బీ వాళ్లకు వినిపించేదనీ, రెండో సగం గాలికి కొట్టుకుపోయి పక్క ఊరివాళ్లకు దక్కేదనీ, అందుకే రెండు ఊళ్లవాళ్లకూ సగం సగమే భక్తి అబ్బిందనీ చెప్పుకునేవారు. అంత గాలిలోనూ డోర్కాస్ ఆస్పినాల్ వస్తోందంటే వీధి మలుపు దగ్గరే తెలిసిపోయేది. ఆమె నడుముకు వేలాడే తాళాల గుత్తి అలా మోగేది.

సరుకుల గదికొకటి, దుప్పట్ల బీరువాకొకటి, బొగ్గుల కొట్టుకొకటి, వీధి తలుపుకొకటి. యుద్ధం అయిపోయి ఇన్నేళ్లయినా చక్కెర, వెన్న, టీ, మాంసం ఇంకా రేషన్‌లోనే దొరుకుతున్న రోజులవి. అద్దెకు దిగినవాడు గదిలో పెట్టె దించగానే రేషను పుస్తకం తీసి డోర్కాస్ చేతిలో పెట్టాలి. ఆ తర్వాత వాడి నోట్లోకి ఏం పోవాలన్నా ఆ గుత్తి దాటే పోవాలి. ఆమె పిసినారి కాదు. పొట్టిగా, లావుగా, ఎర్రటి చేతులతో, ఎవరినైనా ఒక్క చూపుతో ఎంత తింటారో చెప్పగల మనిషి. నాటకాలవాళ్లు ఆమెను ‘అమ్మా’ అనే పిలిచేవారు. ఆమెకు పిల్లలు లేరు గాని, ఆ పిలుపుతో ఇంగ్లండులో సగం రంగస్థలం ఆమె కడుపున పుట్టినట్టే లెక్క.

ఆమె భర్త విల్‌ఫ్రెడ్ రైల్వేలో టిక్కెట్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. సన్నగా, పొడుగ్గా, మీసం దువ్వుకుని, ఇంట్లో కూడా టై కట్టుకునే మనిషి. ఆయన బుర్ర రైళ్ల టైంటేబుల్. ప్రెస్టన్‌కు బండి ఎప్పుడుందో తెలుసుకోవడానికి స్టేషనుకు వెళ్లడం దండగనీ, ఆస్పినాల్‌ని అడిగితే బండి నంబరే కాదు, డ్రైవరు అత్తగారి పేరు కూడా చెప్తాడనీ వీధిలో పేరు.

ఆ ఊళ్లో ఒక అలవాటుంది. సముద్రంలోకి పొడుచుకుపోయిన చెక్క వంతెన చివర నాటకశాల. వారానికో నాటకం. సోమవారం కొత్తది మొదలవుతుంది, శనివారంతో దాని కథ ముగుస్తుంది. ఎవరైతే తమ కిటికీలో ఆ వారం నాటకం కాగితం అంటిస్తారో వాళ్లకు సోమవారం రాత్రి రెండు టిక్కెట్లు ఊరికే ఇస్తారు. అందుకని సోమవారం రాత్రి ఆ హాలంతా గదులద్దెకిచ్చే ఆడవాళ్లే. ఒళ్లో అల్లిక, పక్కన మొగుడు, ముఖాన ఏ భావమూ ఉండదు. సోమవారం ప్రేక్షకుల్ని నవ్వించిన వాడు లండన్‌లో దేన్నైనా నెగ్గుకొస్తాడని నటులు అనుకునేవారు.

అయితే ఆ ఆడవాళ్లెవరూ ఏ నాటకాన్నీ చివరిదాకా చూసి ఎరగరు. నటులు ఆట అయ్యాకే భోంచేస్తారు. వాళ్లు ముఖాన రంగు కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద వేడిగా కూడు ఉండాలి. కాబట్టి రెండో అంకం తర్వాత విరామం గంట మోగగానే హాలు సగం లేచిపోతుంది. టోపీలు చేత్తో అదిమి పట్టుకుని, మొగుళ్లను లాక్కుంటూ, ఆ చెక్క వంతెన మీద వరసగా ఇళ్లకు నడుస్తారు. ఇరవై ఏళ్లకు పైగా డోర్కాస్ ప్రతి హంతకుణ్నీ పట్టుబడకముందే వదిలేసి వచ్చింది. ప్రతి ప్రేమ జంటనూ పోట్లాట మధ్యలో వదిలేసింది. దానివల్ల ఆమెకు ఎప్పుడూ నష్టం జరగలేదు. ఏ కథైనా ఎటు పోతుందో రెండు అంకాల్లో తెలిసిపోతుందని ఆమె నమ్మకం.

ఆ ఏడాది వసంతంలో ఆమెకు మతిమరుపు మొదలైంది. మొదలైందని విల్‌ఫ్రెడ్ చెప్పాడు.

మొదట వెన్న. ఇంటిల్లిపాదికీ వారానికి సరిపడే వెన్న బొగ్గుల డబ్బాలో దొరికింది. డబ్బా ముందు విల్‌ఫ్రెడ్ ఆ వెన్న పట్టుకుని నిలబడి, ఇక్కడెందుకు పెట్టావని అడిగాడు. ఆమెకు పెట్టిన గుర్తు లేదు. గుర్తు లేదు గనకే మరిచిపోయినట్టని ఆయన మెల్లగా వివరించాడు. ఆ తర్వాత పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. పాలబుడ్డి దుప్పట్ల మధ్య దొరికింది. ఒకరోజు వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ప్రతిసారీ చూసింది విల్‌ఫ్రెడే. ప్రతిసారీ ఆయన గొంతు పెంచలేదు, తిట్టలేదు, ‘పోనీలే పిల్లా, వయసు’ అని తల నిమిరాడు. తిట్టి ఉంటే డోర్కాస్ తిరగబడేది. తల నిమిరేవాడితో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలియలేదు.

వేసవి ముగిసేసరికి ఆమె పొయ్యి ఆర్పి, మళ్లీ వచ్చి చూసి, మంచమెక్కి, మళ్లీ దిగి చూసేది. తన చేతులు తనకు తెలియకుండా ఏం చేస్తున్నాయోనని వాటిని ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చునేది. సెప్టెంబరులో గుత్తి విప్పి తనే విల్‌ఫ్రెడ్‌కు ఇచ్చేసింది. ఆయన తన బెల్టుకు కట్టుకున్నాడు. ఆమె వీధిలో నడిచినా చప్పుడు లేదు. చేపల దుకాణం వాడు ఆమె వచ్చి ముందు నిలబడేదాకా చూడకపోవడం అప్పుడే మొదలైంది.

నవంబరులో విల్‌ఫ్రెడ్ డాక్టర్ పిల్లింగ్‌ను శుక్రవారం ఇంటికి రమ్మన్నాడు. డాక్టరు సరేనంటే డోర్కాస్ అక్రింగ్టన్‌లో ఉన్న అక్క ప్రూడెన్స్ ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోవాలి. గదులు మూసేయాలి. ప్రూడెన్స్ బల్ల మీద ఎవరైనా మోచేయి ఆనిస్తే దేవుడికి ఫిర్యాదు చేసే మనిషి. ఆమె ఇంట్లో విశ్రాంతి అంటే ఎలా ఉంటుందో డోర్కాస్‌కు తెలుసు. అయినా కాదనలేదు. తన మతి మీద తనకే నమ్మకం లేనప్పుడు దేన్ని పట్టుకుని కాదనాలి?

ఆ వారం నాటకం పేరు ‘మిసెస్ మార్ట్‌లేక్ మతిమరుపు’. విక్టోరియా రాణి కాలంనాటి కథ. లండన్‌లో ఒక పెద్ద ఇల్లు, అందులో భార్య పేరు మీద ఆస్తి, పట్టు కోటు వేసుకున్న మొగుడు. ఆ మొగుడి వేషం వేసేది డోర్కాస్ ఇంట్లో వెనక గదిలో దిగిన రోలండ్ క్విల్. విడిగా ఆయన పిల్లిని చూసినా భయపడే మనిషి. ఖాళీ దొరికితే తన సాక్సులు తనే అల్లుకుంటాడు.

సోమవారం రాత్రి డోర్కాస్ విల్‌ఫ్రెడ్ పక్కన కూర్చుంది. మొదటి అంకంలో క్విల్ మెత్తగా నవ్వుతూ భార్య గొలుసు పతకం తీసి తన జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత ఆమెను పిలిచి, పతకం ఎక్కడ పెట్టావు ప్రియా అని అడిగాడు. ఆమె వెతికింది. ఏడ్చింది. ఆయన తల నిమిరాడు. హాల్లో అల్లిక సూదులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మూడో వరసలోంచి టాటర్సాల్ గారి భార్య లేచి నిలబడి, “వాడి జేబులో ఉందే తల్లీ, కుడి జేబులో” అని స్టేజీకి చెప్పేసింది. సోమవారం ప్రేక్షకులు నోరు విప్పడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

డోర్కాస్ నోరు విప్పలేదు. ఆమె చూస్తున్నది పతకాన్ని కాదు, తల నిమిరే చేతిని. అప్పుడే విల్‌ఫ్రెడ్ ఆమె చెవి దగ్గరకు వంగాడు.

“పాపం, ఆ పిల్లది కూడా నీ జబ్బే.”

ఆమె తల తిప్పి ఆయన ముఖం చూసింది. ఆ ముఖంలో ఎగతాళి లేదు, దాపరికం లేదు. జేబులో పెట్టుకోవడం అందరితోపాటు తనూ చూసిన మనిషి, పక్కనే కూర్చుని, అంత నిబ్బరంగా ఆ మాట అనగలిగాడు. ఇంత గుండె ధైర్యం ఎక్కడిదా అనుకుంది డోర్కాస్. రెండో అంకంలో పంజరంలోంచి పిట్టను వదిలేసింది కూడా భార్యేనని మొగుడు తేల్చాడు. ఆపైన వైద్యుడికి కబురు పెట్టాడు. గంట మోగింది. టోపీ అదిమిపట్టుకుని వంతెన మీద ఇంటికి నడుస్తున్నప్పుడు డోర్కాస్‌కు తన కథ పూర్తిగా అర్థమైపోయింది. తాముంటున్న ఇల్లు ఆమె తండ్రి ఇచ్చింది. పేరు ఆమెది. మూడో అంకం చూడాల్సిన అవసరమే కనిపించలేదు.

క్విల్ వచ్చేసరికి విల్‌ఫ్రెడ్ నిద్రపోయాడు. మాంసం మీద బంగాళాదుంప పొరలు పేర్చి పొయ్యిలో పెట్టిన హాట్‌పాట్ వడ్డిస్తూ డోర్కాస్ అడిగింది, చివరికి ఆ మొగుడి సంగతేమవుతుందని. క్విల్ తృప్తిగా చెప్పాడు. పోలీసు వస్తాడు, జేబుల్లోవన్నీ బయటపడతాయి, సంకెళ్లు పడతాయి. ఆ మొగుడు ఇదంతా ఎందుకు చేశాడని ఆమె మళ్లీ అడిగింది. ఇల్లు కోసం, ఇంకెందుకు, అన్నాడు క్విల్. అనుకున్నదే. ఆమె ఇంకో గరిటె వడ్డించింది.

“ఇంతకీ రోజూ ఆ పతకం, గ్లౌజులు, పిట్ట పంజరం అన్నీ దాచి పారేస్తారు కదా. మర్నాడు ఆటకి ఎలా దొరుకుతాయి నాయనా?”

క్విల్ నవ్వాడు. తెర వెనక ఒక పొడుగాటి బల్ల ఉంటుందట. దాని మీద గోధుమరంగు కాగితం పరిచి, ఒక్కో వస్తువును పెట్టి చుట్టూ పెన్సిలుతో గీత గీస్తారట. పతకానికి పతకం ఆకారం, గ్లౌజులకు గ్లౌజుల ఆకారం. స్టేజి మీంచి వచ్చినవాడు చేతిలోది దాని గీతలో పెట్టాలి. ఇంకొకరి వస్తువు ముట్టుకుంటే కొట్టుకుంటారట.

“చీకట్లో కూడా కళ్లు మూసుకుని పెట్టేయొచ్చమ్మా. గీత ఖాళీగా ఉందంటే ఎవరో తీశారన్నమాటే. మనకి మతిపోయిందని కాదు.”

ఆ చివరి మాట క్విల్ ఊరికే అన్నాడు. డోర్కాస్‌కు ఆ రాత్రి నిద్ర పట్టింది. చాలా నెలల తర్వాత పొయ్యి చూసి రావడానికి మంచం దిగలేదు.

మంగళవారం పొద్దున్నే ఆమె భోజనాల గదిలో బల్ల మీద గోధుమరంగు కాగితం పరిచింది. టీ డబ్బా, చక్కెర డబ్బా, కత్తెర, కళ్లజోడు, బట్టల బ్రష్షు, రేషను పుస్తకాల కట్ట, ఇద్దరికీ రోజూ చేతికి వచ్చేవన్నీ పెట్టి చుట్టూ గీతలు గీసింది. ఇది తన మతిమరుపు కోసమని విల్‌ఫ్రెడ్‌తో చెప్పింది. ఆయన అడ్డుచెప్తాడనుకుంది. లేదంటే దొంగ నవ్వు నవ్వుతాడనుకుంది. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

“మంచి పని చేశావు పిల్లా” అన్నాడు. గొంతులో నిజంగానే మెచ్చుకోలు ఉంది.

ఎంత నటన, అనుకుంది డోర్కాస్. క్విల్‌కు ఇంత చేతనైతే ఈపాటికి లండన్‌లో ఉండేవాడు.

ఇంతలో క్విల్‌కు వేరే కష్టాలొచ్చాయి. ఆట చూసిన ఆడవాళ్లు ఊరంతా చాటేశారు. డోర్కాస్ సరుకులకు పంపితే కసాయి దుకాణంలో ఆయన చేతిలో ఎముక పెట్టారు. చేపలవాడి భార్య తోక ముక్క కాగితంలో చుట్టి, పెళ్లాన్ని ఏడిపించేవాడికి ఇది చాలంది. తనకు పెళ్లే కాలేదని ఆయన మొత్తుకుంటే, కాకముందే ఇలా ఉన్నావా అంది. నాటకంలో ఆయన ఎంత గొప్పగా చేశాడంటే, బుధవారంనాటికి వీధి కుక్కలు కూడా ఆయన కుడి జేబు చూసి మొరిగేవని తర్వాత చెప్పుకున్నారు.

బుధవారం మధ్యాహ్నం డోర్కాస్ బుట్ట తీసుకుని చేపలకు వెళ్తున్నానని చెప్పింది. వీధి చివరిదాకా నడిచి, వెనక సందులోంచి తిరిగి వచ్చి, పెరట్లో బట్టలుతికే తొట్టి పక్కన నిలబడింది. అక్కడి చిన్న కిటికీలోంచి భోజనాల గది మొత్తం కనిపిస్తుంది. ఇంట్లో విల్‌ఫ్రెడ్ ఒక్కడే. ఆయన ఏదో ఒకటి తీసి దాచేటప్పుడు పట్టుకోవాలని ఆమె ఆలోచన. ఆపైన పోలీసు రావడం ఒక్కటే మిగిలింది.

విల్‌ఫ్రెడ్ టీ డబ్బా చేతిలో పట్టుకుని గదిలోకి వచ్చాడు. ఆయన కాగితం ముందు నిలబడ్డాడు. డబ్బాను కళ్లజోడు గీతలో పెట్టి చూశాడు. అది పట్టలేదు. బ్రష్షు గీతలో పెట్టి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. డబ్బాను ఎత్తి అడుగు చూసుకుని, ఒక్కో గీత మీదా వేలు పెట్టుకుంటూ పోయి, చివరికి దాని చోటు కనుక్కుని అందులో పెట్టాడు. డబ్బా సరిగ్గా కూర్చుంది. అప్పుడు ఆయన ముఖంలో వచ్చిన వెలుగు డోర్కాస్ పెళ్లిరోజున కూడా చూడలేదు.

ఆయన వెళ్లిపోలేదు. ఒక్కో వస్తువునూ ముట్టుకుంటూ వాటి పేర్లు పైకి చెప్పుకోవడం మొదలుపెట్టాడు. టీ. చక్కెర. కళ్లజోడు. కత్తెర దగ్గర ఆగిపోయాడు. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. రెండు వేళ్లు ఎత్తి, గాల్లో కత్తిరిస్తున్నట్టు ఆడించాడు. మళ్లీ ఆడించాడు. ఆ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని ఆ వేళ్లనే చూసుకుంటూ ఉండిపోయాడు.

డోర్కాస్ బుట్టతో అక్కడే నిలబడింది. సోమవారం రాత్రి అన్న మాట ఆమెకు ఇప్పుడు మళ్లీ వినిపించింది. ఆయన నిబ్బరంగా అబద్ధమాడలేదు. పతకం జేబులో వేసుకోవడం చూశాడు, చూసిన కాసేపటికే అది ఆయన బుర్రలోంచి జారిపోయింది. మిగిలింది ఏడుస్తున్న ఆడమనిషి. అది మాత్రం ఆయనకు అర్థమయ్యేది.

ముందు ఆమెకు కలిగింది సంతోషమే. తన మతి తన దగ్గరే ఉంది. ఆ వెంటనే కోపం వచ్చింది, తొట్టి అంచు పట్టుకోవాల్సి వచ్చేంత కోపం. ఆయన బుర్ర పోతోందన్న సంగతి ఆయనకు తెలుసు. తెలిసే నెపం ఆమె మీద పెట్టాడు. మూడోది భయం. దానికి ఇంకా టైముంది గనక ఆమె దాన్ని పక్కన పెట్టి, నిజంగానే చేపలకు వెళ్లింది.

గురువారం ఆమె ఆయనకు ఒక అవకాశం ఇచ్చింది. పొద్దున పాలబుడ్డి మళ్లీ దుప్పట్లలో దొరికింది. విల్‌ఫ్రెడ్ దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, మళ్లీనా పిల్లా, అన్నాడు.

“నేనేనంటావా విల్ఫ్?”

“మరెవరు?”

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఆమెను చూడలేదు, పాలను చూశాడు. ఆ రోజంతా ఆమె ఇల్లు తుడిచింది, ఎక్కడా దుమ్ము లేకపోయినా.

శుక్రవారం టీ వేళకు డాక్టర్ పిల్లింగ్ వచ్చాడు. పైపు నోట్లోంచి తీయకుండానే రోగుల మాట వినే లావుపాటి మనిషి. విల్‌ఫ్రెడ్ ఆయన్ను భోజనాల గదిలో కూర్చోబెట్టి, ఇన్‌స్పెక్టరు అలవాటు కొద్దీ జేబు పుస్తకంలో రాసుకున్నది చూస్తూ, వెన్న దగ్గర్నుంచి పాలబుడ్డి దాకా వరసగా చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. అన్నీ ఆమె చేసినట్టే చెప్పాడు, బాధపడుతూ చెప్పాడు. డాక్టరు డోర్కాస్‌కు ప్రశ్నలు వేశాడు. ఏ వారం, ఏ నెల, పార్లమెంటులో ఎవరి ప్రభుత్వం, నూరులోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మన్నాడు. గదులద్దెకిచ్చే ఆడదాన్ని తీసివేతలు అడగడమంటే చేపను ఈదమనడమే. ఆమె సున్నా దాటి అప్పులోకి వెళ్తుందేమోనని డాక్టరే చాలన్నాడు.

అప్పుడు ఆమె, ఆయన్ను కూడా అడగండి డాక్టరుగారూ, అంది.

విల్‌ఫ్రెడ్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. తనను అడగడమేమిటన్నాడు. అడక్కుండానే మొదలుపెట్టాడు. పాతికేళ్ల కిందటి వేసవి టైంటేబుల్. రాన్స్‌బీ నుంచి ప్రెస్టన్ బండి ఏయే స్టేషన్లలో ఆగేదో, ఎక్కడ ఇంజను నీళ్లు పట్టుకునేదో, శనివారాల్లో ఏ పెట్టె అదనంగా తగిలించేవారో, గొంతు మోగుతుండగా ఒక్క పొల్లు వదలకుండా అప్పజెప్పాడు. ఆయన చెప్తుంటే గదిలో బొగ్గు వాసన వచ్చినట్టే ఉంది. డాక్టరు పైపు ఊగిస్తూ మెచ్చుకున్నాడు. తనకు ఇందులో సగం జ్ఞాపకశక్తి ఉంటే రోగుల పేర్లు తప్పుగా పిలిచేవాణ్ని కాదన్నాడు. ఆ తర్వాత డోర్కాస్ వైపు తిరిగి, అక్రింగ్టన్ గాలి మంచిదేనమ్మా, అన్నాడు.

డోర్కాస్ చేతులు ఒళ్లో ఉన్నాయి. ఇప్పుడు ఊరుకుంటే రైలెక్కాలి. అడిగితే అందరి ముందూ ఆయన పరువు పోతుంది. ఆ పరువు తప్ప ఆయనకిప్పుడు ఏదీ మిగల్లేదని ఆమెకు తెలుసు. ఆమె కాసేపు చేతుల్ని చూసుకుంది. అవి ఏ తప్పూ చేయని చేతులు.

“విల్ఫ్, ఇవాళ మధ్యాహ్నం ఏం తిన్నావు?”

ఆయన నవ్వాడు. నోరు తెరిచాడు. మాట రాక ఆమె ముఖంలోకి చూశాడు. నలభై ఏళ్లుగా కళ్లజోడు దొరక్కపోయినా, గుండీ ఊడినా చూసినట్టే. ఆమె ముఖం కదల్లేదు.

“చేప” అన్నాడు చివరికి. తర్వాత, “కాదు. అదీ... అలాంటివి నువ్వు కదా గుర్తుపెట్టుకోవాల్సింది పిల్లా.”

డాక్టరు పైపు నోట్లోంచి తీశాడు. విల్‌ఫ్రెడ్ చొక్కా చేతి అంచున మధ్యాహ్నం భోజనంలో అంటిన పులుసు మరక ఇంకా ఉండటం చూశాడు. విల్‌ఫ్రెడ్ బల్ల వైపు చూస్తూ మొదలుపెట్టాడు, టికెట్టు లేకుండా దొరికిపోయినవాళ్లు ఆయన ముందు ఎలా మాట్లాడేవారో అలా.

“వెన్న నా చేతిలో ఉంది డాక్టరుగారూ. బొగ్గుల డబ్బా ముందు నిలబడి ఉన్నాను. ఎందుకొచ్చానో తెలీదు, ఆ వెన్న నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలీదు. ఇంతలో ఇది వచ్చింది. ‘ఇక్కడెందుకు పెట్టావు’ అని నేనే అన్నాను. నోటికి అదే వచ్చింది.” ఆగాడు. “ఇది నమ్మింది. నమ్ముతుందనుకోలేదు. ఒకసారి నమ్మాక ఇంక సులువైపోయింది.”

“మరి అక్రింగ్టన్ ఎందుకు?” అని డోర్కాస్ అడిగింది.

“గదులు మూసేస్తే నేనిలా అవడం చూసేవాళ్లుండరు కదా.”

“నేను వెళ్లిపోతే నీకు వండేదెవరు?”

విల్‌ఫ్రెడ్ దాని గురించి నిజాయితీగా ఆలోచించాడు.

“అంతదూరం ఆలోచించలేదు” అన్నాడు.

డాక్టరు దగ్గి, కొన్ని మాటలు చెప్పాడు. ఇది నయమయ్యే జబ్బు కాదన్నాడు, నెమ్మదిగానే ముదరొచ్చన్నాడు, కొత్త చోటికి మార్చకపోవడం మంచిదన్నాడు. వెళ్తూ వెళ్తూ డోర్కాస్‌కు టోపీ తీశాడు. అంతకుముందు ఆయన ఆ వీధిలో ఆడవాళ్లకెవరికీ టోపీ తీసిన జాడ లేదు.

తలుపు మూసి వచ్చి ఆమె చేయి చాపింది. విల్‌ఫ్రెడ్ బెల్టుకున్న గుత్తి విప్పడానికి కొంచెం కుస్తీ పట్టాడు. వేళ్లు సహకరించలేదు. ఆమె సాయం చేయలేదు. ఆయనే విప్పి ఇచ్చాడు. ఆమె నడుముకు కట్టుకుంది.

“మరి నన్ను పంపిస్తావా, మీ అక్క దగ్గరికి?”

“మా అక్క నాతోనే వేగలేదు. నీతో ఏం వేగుతుంది?”

ఆయన ముఖం తేలికపడింది. అది చూసి ఆమెకు మళ్లీ ఒళ్లు మండింది. కుర్చీ లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది.

“విను. నువ్వు మరిచిపోయినందుకు నాకు కోపం లేదు. వసంతం నుంచి నా చేతుల్ని నేను దొంగల్ని కాసినట్టు కాపలా కాశాను. అది నువ్వు చూశావు. చూసి తల నిమిరావు. దాన్ని నేను మరిచిపోను. మతిమరుపు నాకు లేదు కదా.” ఆయన తల వంచుకున్నాడు. “ఇకనుంచి నీకు తెలియకపోతే తెలియదను. నేనే అన్నిచోట్లా వెతుకుతాను. నా మీద పెట్టావంటే మాత్రం నేనే అక్రింగ్టన్ వెళ్లిపోతాను, ఆ దెయ్యంతోనైనా ఉంటాను.”

సరేనన్నాడు విల్‌ఫ్రెడ్. ఆ ‘సరే’ రేపటికి ఆయనకు గుర్తుంటుందో లేదో ఇద్దరికీ తెలియదు. ఆ తర్వాతి ఏళ్లలో డోర్కాస్ ఆ మాటలన్నీ మళ్లీ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది, ఒక్కోసారి అరిచి, ఒక్కోసారి మామూలుగా. గదులు మాత్రం మూయలేదు. ఆయన పోయేదాకా ఆయన్ను చూసుకుంది. చూసుకున్నంత కాలం ఆయన తన తల నిమరబోతే మాత్రం పక్కకు జరిగేది.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ శుక్రవారం సాయంత్రం ఆటకు వెళ్లబోయే ముందు క్విల్ టీకి దిగి వచ్చాడు. ఆ రోజు కసాయివాడు ఏదీ అమ్మలేదని చెప్పి, కుర్చీలో కూలబడి, కప్పు ముందుకు లాక్కున్నాడు.

“చక్కెర ఎక్కడమ్మా?”

డోర్కాస్ బల్ల వైపు చూసింది. చక్కెర డబ్బా గీత ఖాళీగా ఉంది. ఆమె విల్‌ఫ్రెడ్ వైపు చూసింది. ఆయన పెదవులు విడివడ్డాయి. పాత మాట ఆయన నాలుక చివరికి రావడం ఆమెకు కనిపించింది. ఆమె అలాగే చూస్తూ ఉంది.

“తెలీదు” అన్నాడు విల్‌ఫ్రెడ్. మీసం తడుముకున్నాడు. “నేనే ఎక్కడో పెట్టుంటాను.”

సంగతేమిటో అర్థంకాని క్విల్ ముందు లేచి దిండ్ల కింద వెతికాడు. విల్‌ఫ్రెడ్ గడియారం వెనక చూశాడు. డోర్కాస్ మోకాళ్ల మీద కూర్చుని, గుత్తి గలగలమంటుండగా, బీరువా అడుగున చేయి పెట్టింది.